శరత్తులో నాటే వసంత పూలగడ్డలు

చలిదేశాల తోటల్లో మంచు పూర్తిగా కరగకముందే తెల్లని స్నోడ్రాప్ తల ఎత్తుతుంది. ఆ వెంట క్రోకస్, తరువాత డాఫొడిల్, హయసింత్, చివరగా ట్యూలిప్ పూస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా వరసగా విరిసే ఈ పూలకు కావలసిన పని మాత్రం అంతకు ఐదారు నెలల ముందే, శరదృతువులో, జరిగిపోవాలి. సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య గడ్డలను నేలలో పాతిపెడితేనే వసంతంలో పువ్వు. వసంతం వచ్చాక ఎండుగడ్డ కొని నాటితే ఆ ఏడు పువ్వు కనబడదు. విత్తనంతో మొదలుపెడితే ట్యూలిప్ పూయడానికి ఐదారేళ్లు పట్టవచ్చు.

తోటపని పుస్తకాల్లో ఇవన్నీ నియమాలుగా కనిపిస్తాయి: ఇంత లోతు, ఇంత ఎడం, ఫలానా నెల. నిజానికి అవన్నీ ఒకే కారణం నుంచి పుట్టినవి. ఈ మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు మధ్య ఆసియా, టర్కీ, ఇరాన్, మధ్యధరా ప్రాంతాల కొండలూ మెట్టభూములూ. అక్కడ శీతకాలం గడ్డకట్టించేంత చలి, వసంతం తడిగా ఉన్నా కొద్ది వారాలే, వేసవి ఎండి బీటలు వారేంత పొడి. ఆ కొద్ది వారాల్లోనే మొలిచి, పూసి, మరుసటి ఏటికి ఆహారం దాచుకుని, ఎండలు ముదిరేసరికి నేలలోకి తప్పుకోవాలి. ఎక్కడ పెంచినా ఆ కొండల పంచాంగాన్ని ఈ మొక్కలు వదలవు. తోటమాలి చేయవలసిందల్లా దాన్ని అనుసరించడమే.

గడ్డ లోపల

ఉల్లిగడ్డను నిలువుగా కోసి చూసినవారికి ట్యూలిప్ గడ్డ నిర్మాణం వేరే చెప్పనక్కరలేదు. అడుగున వేళ్లు పుట్టే చిన్న బిళ్ల లాంటి కాండం, దానిమీద ఒకదానినొకటి కప్పుకున్న కండగల పొరలు, బయట పలచని ఎండు పొట్టు. ఆ పొరలు ఆహారం నింపుకున్న ఆకులే. వృక్షశాస్త్రంలో దీన్ని లశునం అంటారు. ట్యూలిప్, డాఫొడిల్, హయసింత్, స్నోడ్రాప్, మస్కారి, అలంకరణకు పెంచే ఏలియం అన్నీ లశునాలే. ఏలియం ఉల్లి, వెల్లుల్లి ఉన్న ప్రజాతికే చెందినది. క్రోకస్‌ది కందం: పొరలు లేని గట్టి కాండం ముద్ద. అనిమోన్, వింటర్ అకొనైట్ వంటివి దుంపలు. తోటపని వ్యవహారంలో అన్నిటినీ కలిపి బల్బులనో గడ్డలనో అంటారు. నాటే పద్ధతిలో పెద్ద తేడా లేదు కాబట్టి దానివల్ల నష్టం లేదు.

ట్యూలిప్‌కూ డాఫొడిల్‌కూ మధ్య ఉన్న ఒక తేడా మాత్రం తోటమాలి తెలుసుకోవలసినది. డాఫొడిల్ గడ్డ ఏళ్ల తరబడి బతుకుతూ పక్కన పిల్లగడ్డలు పెడుతూ గుంపుగా పెరుగుతుంది. ట్యూలిప్ అలా కాదు. నాటిన గడ్డ ఆ వసంతంలో పూసి తన ఆహారమంతా ఖర్చుచేసి నశిస్తుంది, దాని స్థానంలో కొత్త గడ్డలు పుడతాయి. వాతావరణం అనుకూలిస్తే వాటిలో ఒకటి మళ్లీ పూసేంత పెద్దదవుతుంది. లేకుంటే పువ్వుకు చాలని చిన్నగడ్డలే మిగిలి, మరుసటి వసంతంలో తలా ఒక వెడల్పాటి ఆకుతో సరిపెడతాయి. ఇంగ్లండ్ వంటి తడి వేసవి దేశాల్లో ట్యూలిప్‌లు రెండో ఏడు పలచబడడానికి కారణం ఇదే. అది తోటమాలి అజాగ్రత్త కాదు. డార్విన్ హైబ్రిడ్ తరగతి ట్యూలిప్‌లు, అడవి జాతులకు దగ్గరగా ఉండే చిన్న ట్యూలిప్‌లు మిగతావాటికంటే నమ్మకంగా తిరిగి పూస్తాయి.

ఈ గడ్డల్లో చాలావాటికి ముడుచుకునే వేళ్లుంటాయి. అవి లోతుకు దిగి, తరువాత పొట్టిగా ముడుచుకుంటూ, గడ్డను దానికి సరిపడే లోతుకు లాగుతాయి. పైపైన మొలిచిన విత్తనం నుంచి వచ్చిన చిన్నగడ్డ కొన్నేళ్లకు జానెడు లోతున దొరకడం ఇందువల్లనే.

చలి చేసే పని

వేసవిలో నేల కింద నిద్రపోతున్నట్టు కనిపించే గడ్డ నిజానికి ఖాళీగా ఉండదు. ట్యూలిప్ ఆకులు ఎండిపోయాక, వేసవి వెచ్చదనంలో, గడ్డ నడుమ మరుసటి ఏటి పువ్వు సూక్ష్మరూపంలో తయారవుతుంది. రేకులు, కేసరాలు, అండాశయం అన్నీ అప్పుడే ఏర్పడతాయి. డాఫొడిల్‌లో ఈ పని ఇంకా ముందే, ఆకులు పచ్చగా ఉండగానే మొదలవుతుంది. కాబట్టి శరత్తులో చేతికి వచ్చిన మంచి గడ్డలో పువ్వు ఇప్పటికే ఉంది. అది బయటికి రావడానికే చలి కావాలి.

సాధారణంగా 12 నుంచి 16 వారాలపాటు నేల ఉష్ణోగ్రత 9 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి. ఆ కాలంలో పొరల్లోని పిండి పదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడ సాగడానికి అవసరమైన హార్మోన్ల వ్యవస్థ సిద్ధపడుతుంది. చలి చాలకపోతే ఆకులు వస్తాయి, కాడ మాత్రం సాగదు. మొగ్గ ఆకుల మధ్యే పొట్టిగా ఉండి ఎండిపోతుంది. చలితోపాటు వేళ్లు కూడా ముఖ్యమే. గడ్డ శరత్తులోనే వేళ్లు దింపి తడి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. నేల గట్టిగా గడ్డకట్టే ముందు వేళ్లకు కొన్ని వారాల వ్యవధి దొరకాలి కనుకనే మరీ ఆలస్యం పనికిరాదు.

ఎప్పుడు, ఎంత లోతున

నేల చల్లబడడమే అసలైన గుర్తు. జానెడు లోతున ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగాక నాటాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో ఇది సెప్టెంబరు చివర, అక్టోబరు. బ్రిటన్‌లో డాఫొడిల్, క్రోకస్, హయసింత్ గడ్డలను సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటి, ట్యూలిప్‌ను నవంబరు దాకా ఆపుతారు. బొట్రైటిస్ ట్యూలిపే అనే శిలీంధ్రం తెచ్చే ట్యూలిప్ ఫైర్ అనే తెగులు చల్లని నేలలో అంతగా వ్యాపించదన్నది ఇందుకు కారణం. డాఫొడిల్ మాత్రం వేళ్లు దింపడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది, దాన్ని ముందుగా నాటడమే మేలు. ఇంట్లో మరిచిపోయిన గడ్డలు డిసెంబరులో కనిపిస్తే పారేయవద్దు. నేల తవ్వడానికి వీలుంటే అప్పుడు నాటినా ట్యూలిప్ చాలావరకు పూస్తుంది. వచ్చే ఏటికని దాచిపెట్టిన గడ్డ మాత్రం ఎండిపోతుంది.

లోతు గడ్డ ఎత్తుకు రెండు మూడు రెట్లు ఉండాలి. ట్యూలిప్, డాఫొడిల్‌లకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, క్రోకస్, మస్కారిలకు 8 నుంచి 10. గడ్డకూ గడ్డకూ మధ్య ఎడం గడ్డ వెడల్పుకు రెండింతలు చాలు. మొన పైకి, వేళ్ల వైపు కిందికి పెట్టాలి. ఏది పైనో తెలియని అనిమోన్ దుంపలను ముందురోజు నీళ్లలో నానబెట్టి పక్కకు పడుకోబెడితే సరిపోతుంది, మొలక తనదారి తనే వెతుక్కుంటుంది. క్రౌన్ ఇంపీరియల్ అని పిలిచే పెద్ద ఫ్రిటిల్లారియా గడ్డకు నడుమ గుంట ఉంటుంది. అందులో నీరు నిలిచి కుళ్లుతుందని దాన్ని కూడా పక్కవాటుగా నాటేవారున్నారు.

అన్నిటికంటే పెద్ద శత్రువు నిలిచే నీరు. కొండవాలులో పుట్టిన మొక్కకు చలి భయం లేదు, బురద భయం ఉంది. బంకనేలలో కంకర, బాగా చివికిన ఆకుల ఎరువు కలిపి నీరు జారేలా చేయాలి, లేదా మడిని ఎత్తు చేయాలి. నాటిన వెంటనే ఒకసారి బాగా తడిపితే వేళ్లు దిగుతాయి, ఆ తరువాత వానా మంచూ చూసుకుంటాయి. మొదటి ఏడు ఎరువు అవసరం లేదు, గడ్డ తన భోజనం తనే వెంట తెచ్చుకుంటుంది. గుంటలో ఎముకల పొడి వేసే పాత అలవాటు వల్ల కుక్కలూ నక్కలూ వచ్చి తవ్విపోయడమే ఎక్కువ.

కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడాలి. గట్టిగా, బరువుగా ఉన్నది మంచిది. మెత్తబడినది, బూజు పట్టినది వద్దు. వర్తకులు చుట్టుకొలతను బట్టి ధర కడతారు: ట్యూలిప్‌లో 12 సెంటీమీటర్లు, అంతకు పైబడినది మేలురకం. చౌకగా సంచుల్లో అమ్మే చిన్నగడ్డలు చాలావరకు ఆకులతోనే ఆగిపోతాయి. పది పెద్ద గడ్డలు పాతిక చిన్న గడ్డలకంటే లాభం.

స్నోడ్రాప్ ఈ పద్ధతికి కొంత మినహాయింపు. దాని గడ్డ చిన్నది, త్వరగా ఎండిపోతుంది. దుకాణంలో నెలల తరబడి ఉన్న గడ్డల్లో చాలా మొలవవు. పూలు వాడిన వెంటనే, ఆకులు పచ్చగా ఉండగానే గుంపును తవ్వి విడదీసి నాటడం ఎక్కువగా ఫలిస్తుంది.

కుండీలోనూ పచ్చికలోనూ

చోటు తక్కువైనవారికి కుండీ చక్కని మార్గం. లోతైన కుండీ అడుగున ఆలస్యంగా పూసే ట్యూలిప్, దానిపైన డాఫొడిల్ లేదా హయసింత్, అన్నిటికంటే పైన క్రోకస్ పేర్చితే ఒకే కుండీ రెండు నెలలకు పైగా పూస్తుంది. కింది మొలకలు పై గడ్డల సందుల్లోంచి దారి చేసుకుంటాయి. కుండీ మట్టి నేలకంటే గట్టిగా గడ్డకడుతుంది కనుక తీవ్రమైన చలిప్రాంతాల్లో దాన్ని గోడవారగానో, వేడిచేయని గ్యారేజీలోనో ఉంచాలి.

పచ్చికలో నాటేవారు వరసలు తీర్చరు. గుప్పెడు గడ్డలు విసిరి, పడినచోటే పాతుతారు. పువ్వులు తమంతట తామే మొలిచినట్టు కనిపిస్తాయి. కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరతీ 1802 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున చూసినవి ఎవరూ నాటని అడవి డాఫొడిల్‌లే. ఆ దృశ్యం మీద ఆయన రాసిన పద్యం మన బడుల్లోనూ ఇంగ్లీషు పాఠంగా వచ్చింది. ఆ పువ్వును ఎన్నడూ చూడకుండానే దాని పేరు నేర్చుకున్న తెలుగువారు ఎందరో ఉన్నారు.

ఉడతలు, ఎలుకలు, తెగుళ్లు

ట్యూలిప్, క్రోకస్ గడ్డలంటే ఉడతలకూ ఎలుకలకూ ఇష్టం. నాటిన చోట కోళ్లగూడుకు వాడే ఇనుప వల పరిచి పైన మట్టి కప్పడం నమ్మదగిన ఉపాయం. మొలకలు కన్నాల్లోంచి వచ్చేస్తాయి. డాఫొడిల్‌ను జంతువులు ముట్టవు. అందులో లైకోరిన్ అనే విషం ఉంది. మనుషులకూ ప్రమాదమే: ఉల్లిగడ్డలని పొరబడి వండుకుని వాంతులతో ఆసుపత్రి పాలైనవారున్నారు. గడ్డలను వంటింట్లో పెట్టకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. హయసింత్ గడ్డలు పట్టుకుంటే చేతులు దురద పెడతాయి, ట్యూలిప్ గడ్డలతో రోజంతా పనిచేసేవారికి వేళ్ల చర్మం పగులుతుంది. చేతితొడుగులు వేసుకోవాలి.

డాఫొడిల్ చెందిన విషపు కుటుంబమే ఒక మందు కూడా ఇచ్చింది. స్నోడ్రాప్ నుంచి 1950లలో వేరుచేసిన గాలంటమిన్ అనే పదార్థాన్ని అల్జీమర్స్ వ్యాధి లక్షణాలను తగ్గించడానికి వాడుతున్నారు. ఇది డాఫొడిల్‌లోనూ ఉంది. వేల్స్ కొండల్లో ఇందుకోసమే దాన్ని సాగుచేస్తున్నారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నులిపురుగులు ఇంగ్లండ్ డాఫొడిల్ సాగును దాదాపు తుడిచిపెట్టే స్థితికి తెచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విస్లీ తోటలో పనిచేస్తున్న జేమ్స్ కిర్కమ్ రామ్స్‌బాటమ్ అనే యువ పరిశోధకుడు, నిద్రలో ఉన్న గడ్డలను దాదాపు 43 డిగ్రీల నీటిలో మూడు నాలుగు గంటలు ఉంచితే పురుగు చచ్చి గడ్డ బతుకుతుందని కనుగొన్నాడు. కొద్ది మార్పులతో ఆ పద్ధతినే వాణిజ్య సాగులో నేటికీ వాడుతున్నారు. ఇంత మేలుచేసిన మనిషి పేరు తోటమాలులకే సరిగా తెలియకపోవడం విచారకరం.

పూసిన తరువాత

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పువ్వు వాడగానే మడి శుభ్రంగా కనిపించాలని ఆకులు కోసేస్తారు, లేదా జడలుగా ముడివేస్తారు. పువ్వు వాడిన నాటినుంచి కనీసం ఆరు వారాలు ఆ ఆకులే వచ్చే ఏటి పువ్వుకు ఆహారం వండుతాయి. వాడిన పూల తలను తుంచి గింజ కట్టకుండా చూసి, ఆకులు పండి వాటంతట అవి పడిపోయేదాకా ముట్టకూడదు. పచ్చికలో నాటినచోట అంతవరకు గడ్డి కోయరాదు. తరువాత వేసవిలో ఆ చోటుకు నీరు తగ్గించాలి, పుట్టిల్లైన కొండల్లో అప్పుడు వాన ఉండదు మరి. నెదర్లాండ్స్ రైతులు ఈ సూత్రాన్నే ఇంకా కచ్చితంగా పాటిస్తారు. పొలంలో పూలు విరిశాక, రంగు సరిచూసుకుని, తలలన్నీ యంత్రంతో నరికేస్తారు. వారికి కావలసింది గడ్డ, పువ్వు కాదు.

కొండల నుంచి కాలువల దేశానికి

కాబూల్ పరిసరాల్లో ముప్పైకి పైగా ట్యూలిప్ రకాలు లెక్కపెట్టించానని బాబరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. జహంగీరు కొలువు చిత్రకారుడు మన్సూర్ గీసిన కాశ్మీరపు ఎర్ర ట్యూలిప్ నేటికీ ఉంది. అటు ఒట్టోమన్ టర్కీలో ఈ పువ్వు రాజలాంఛనమైంది. మూడవ అహ్మద్ సుల్తాను పాలనలో 1718 నుంచి 1730 వరకు సాగిన కాలాన్ని చరిత్రకారులు ట్యూలిప్ యుగమనే పిలుస్తారు.

యూరపులో ట్యూలిప్ పూయడం గురించి తొలి వర్ణనల్లో ఒకటి ప్రకృతి శాస్త్రవేత్త కాన్రాడ్ గెస్నర్‌ది. 1559 ఏప్రిల్‌లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన దాన్ని చూశాడు. 1593లో వృక్షశాస్త్రవేత్త కరోలస్ క్లూసియస్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ తోటకు వచ్చి తన గడ్డలను నాటాడు, మరుసటి వసంతంలో అవి పూశాయి. దాదాపు నలభై ఏళ్లకు ఆ దేశంలో ట్యూలిప్ వ్యాపారం వెర్రిగా మారింది. శరత్తులో పాతిన గడ్డ వేసవిలో గాని బయటికి రాదు. కాబట్టి 1636–37 శీతకాలంలో జనం కొన్నదీ అమ్మినదీ గడ్డలను కాదు, నేలలో ఉన్న గడ్డలపై రాసుకున్న కాగితాలను. 1637 ఫిబ్రవరిలో ధరలు కూలిపోయాయి. దేశమంతా దివాలా తీసిందన్న కథ మాత్రం తరువాతివారి అతిశయోక్తి అని ఆన్ గోల్డ్‌గార్ వంటి చరిత్రకారులు పత్రాలు పరిశీలించి చూపారు. ఆనాడు అత్యధిక ధర పలికిన చారల ట్యూలిప్‌ల అందానికి కారణం పేనుబంక వ్యాపింపజేసే ఒక వైరస్ రోగం. ఆ చారలు అంటువ్యాధి అని 1928లో ఇంగ్లండ్‌లో డొరతీ కేలీ అనే పరిశోధకురాలు నిరూపించింది.

ఈ గడ్డలు ఆకలి కూడా తీర్చాయి. 1944–45 కరువు శీతకాలంలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న డచ్చి ప్రజలు నాటని ట్యూలిప్ గడ్డలను నడుమ మొలక తీసేసి ఉడికించుకు తిన్నారు. యుద్ధకాలంలో తమ రాజకుటుంబానికి ఆశ్రయమిచ్చినందుకు నెదర్లాండ్స్ 1945లో కెనడా రాజధాని ఒటావాకు లక్ష గడ్డలు కానుకగా పంపింది. ఆ నగరంలో ఏటా మే నెలలో ట్యూలిప్ ఉత్సవం జరుగుతుంది.

నేడు ప్రపంచంలో గడ్డల ఉత్పత్తిలో నెదర్లాండ్స్‌దే మొదటి స్థానం. సముద్రతీరపు ఇసుకతిన్నెల వెనక, హార్లెం, లైడెన్ నగరాల మధ్య ఉన్న నీరు నిలవని నేలలు ఇందుకు అచ్చంగా సరిపోయాయి. అక్కడి లిస్సె పట్టణంలో 1950లో సందర్శకులకు తెరిచిన కోకెన్‌హోఫ్ తోటలో 32 హెక్టార్లలో ప్రతి శరత్తులోనూ దాదాపు 70 లక్షల గడ్డలు చేత్తో నాటుతారు. వసంతంలో ఎనిమిది వారాలు మాత్రమే తోట తెరిచి ఉంటుంది.

భారతదేశంలో

శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల పాదాన, దాల్ సరస్సుకు ఎదురుగా, 2007లో ప్రారంభమైన ఇందిరాగాంధీ స్మారక ట్యూలిప్ తోట దాదాపు 30 హెక్టార్లలో ఉంది. శరత్తులో నాటిన గడ్డలు మార్చి చివర పూయడం మొదలుపెడతాయి, నెల తిరిగేసరికి ముగిసిపోతాయి. అదే కాశ్మీర లోయలోని పాంపోర్ పొలాల్లో వసంత క్రోకస్‌కు సోదరి అయిన కుంకుమపువ్వు పెరుగుతుంది. దాని క్రమం వేరు: వేసవి చివర నాటితే అక్టోబరు, నవంబరుల్లోనే పూస్తుంది. ఢిల్లీలో రోడ్లపక్కన ఫిబ్రవరిలో కనబడే ట్యూలిప్‌లు ముందే శీతలగిడ్డంగిలో చలి తిని నెదర్లాండ్స్ నుంచి దిగుమతి అయిన గడ్డలవి. ఒకసారి పూశాక వాటి పని అయిపోతుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఈ గడ్డలు శాశ్వతంగా బతకవు. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరయినా పగటి ఎండకు నేల వేడెక్కుతుంది. పన్నెండు వారాల ఎడతెగని చలి మనకెక్కడా లేదు. పట్టుదల ఉన్నవారు గడ్డలను కాగితపు సంచిలో ఫ్రిజ్ కింది అరలో మూడు నెలలుంచి, డిసెంబరు చివర కుండీలో నాటి చల్లని నీడలో ఒక పువ్వు చూడవచ్చు. ఫ్రిజ్‌లో పక్కన ఆపిల్, అరటి పండ్లు ఉండకూడదు. అవి విడిచే ఎథిలీన్ వాయువు గడ్డలోని మొగ్గను చంపేస్తుంది. పేపర్‌వైట్ అనే చిన్న నార్సిసస్‌కు చలి అవసరమే లేదు కాబట్టి అది సులువు. కానీ మన ఎండలకు తగినవి వేరే ఉన్నాయి: మెక్సికో నుంచి వచ్చి మన పూలబజార్లలో లిల్లీగా స్థిరపడిన నేలసంపెంగ, తొలివానకు విచ్చే రెయిన్ లిల్లీ, మే నెలలో ఎర్రబంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ. అవి చలిని కాదు, వేడినీ తొలకరినీ లెక్కపెట్టుకుంటాయి.

దూరదేశాల తెలుగు ఇళ్లలో

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువారికి ఈ పని మన పండుగల మధ్య పడుతుంది. దసరా, దీపావళి రోజుల్లో దుకాణాల్లో గడ్డల సంచులు కనిపిస్తాయి. అప్పుడు నాటితే న్యూజెర్సీ వంటి చోట్ల ఉగాది ప్రాంతంలో క్రోకస్, డాఫొడిల్, శ్రీరామనవమి దాటాక ట్యూలిప్ పూస్తాయి. టెక్సస్‌లో లెక్క మారుతుంది: చలి చాలదు కనుక ఫ్రిజ్‌లో ఉంచిన గడ్డలను డిసెంబరు రెండో సగంలో నాటాలి, ట్యూలిప్‌ను ఒక్క ఏటి పువ్వుగానే భావించాలి. ఆస్ట్రేలియాలో శరత్తు మార్చి నుంచి మే వరకు ఉంటుంది. కాన్‌బెర్రాలో 1988 నుంచి జరుగుతున్న ఫ్లోరియాడ్ పూల ఉత్సవం సెప్టెంబరు, అక్టోబరులలో ఉండడం అందుకే.

కొనేముందు మరొక్క మాట. స్నోడ్రాప్, సైక్లమెన్, స్టెర్న్‌బెర్జియా వంటివాటిని టర్కీ కొండల్లో లక్షల సంఖ్యలో తవ్వి అమ్మడంతో అడవిలో వాటి ఉనికికే ముప్పు వచ్చింది. ఇప్పుడు వీటి వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలో ఉంది. సంచిమీద నర్సరీలో పెంచినవని స్పష్టంగా రాసి ఉన్న గడ్డలే కొనండి. ఆ మాట లేకపోతే అమ్మేవారిని అడగండి, జవాబు రాకపోతే ఆ సంచి అక్కడే వదిలిరండి.